దేశాల పోలికకు కదిలే చార్టు: షీటు నుంచి వీడియో దాకా

ప్రశ్న క్లుప్తంగా ఇది: తలసరి ఆదాయం, ఆయుర్దాయం, జనాభా మూడు వేర్వేరు షీట్లలో ఉన్నాయి. దేశాలు కిందికి, ఏళ్లు అడ్డంగా. గ్యాప్‌మైండర్ (దేశాల గణాంకాలను కదిలే బుడగలతో చూపే సంస్థ) తరహాలో బుడగలు ఏడాదికేడాది కదలాలి. చేసి చూస్తే కొన్ని బుడగలు మధ్యలో మాయమవుతున్నాయి, కొన్ని ఉన్నట్టుండి గంతేస్తున్నాయి. పాత ట్యుటోరియల్‌లో చెప్పిన మోషన్ చార్ట్ మెనూలో కనబడటమే లేదు. చివరికి అంతా ప్రజెంటేషన్‌లో పెట్టాలి.

మెనూ సంగతి ముందు తేల్చేద్దాం. గూగుల్ షీట్స్‌లో ఒకప్పుడున్న మోషన్ చార్ట్ ఇప్పుడు లేదు. హాన్స్ రోస్లింగ్ బృందం గ్యాప్‌మైండర్ కోసం చేసుకున్న ట్రెండలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ 2007లో కొనుక్కుంది. షీట్స్‌లోకి వచ్చిన మోషన్ చార్ట్ దాని సంతానమే. అది ఫ్లాష్ అనే పాత బ్రౌజర్ ప్లగిన్ మీద నడిచేది, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కే కాలం చెల్లింది. కాబట్టి ఆ వీడియోలు వదిలేయండి. అయితే ఆ పాత పనిముట్టు అడిగిన పట్టిక ఆకారం మాత్రం గుర్తుపెట్టుకోండి: మొదటి కాలమ్‌లో దేశం, రెండోదాంట్లో ఏడాది, ఆ తర్వాత అంకెలు. ఇవాళ ఏ పనిముట్టు తీసుకున్నా బబుల్ చార్టుకు అడిగేది ఇదే.

మీ చిక్కుల్లో ముప్పాతిక వంతు యానిమేషన్‌వి కావు, పట్టికవి. మీ దగ్గరున్నది వెడల్పు పట్టిక: ఒక దేశానికి ఒక రో, ఒక ఏడాదికి ఒక కాలమ్. కావలసింది పొడవు పట్టిక: ఒక దేశం, ఒక ఏడాది కలిస్తే ఒక రో. 217 దేశాలు, 1990 నుంచి 2023 వరకు 34 ఏళ్లు అనుకుంటే 7,378 రోలు. చేత్తో కాపీ పేస్ట్ చేసే పని కాదిది, చేయకూడదు కూడా. ఒక్క రో కిందికి జరిగినా ఒక దేశం ఆదాయం పక్క దేశం ఆయుర్దాయంతో జతపడుతుంది, చార్టు చూసి ఎవరూ పట్టుకోలేరు.

అంకెలు ప్రపంచ బ్యాంకు సైటు నుంచి దించుకున్నవైతే జిప్‌లో మూడు సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన పట్టికలు) ఉంటాయి. అసలు డేటా ఉన్న ఫైలులో శీర్షికలు మొదలయ్యేది 5వ రోలో. పైనున్న 4 రోలు మూలం పేరు, తాజాపరచిన తేదీ, ఖాళీలు. కుడివైపు చివర ఒక ఖాళీ కాలమ్ కూడా వస్తుంది, దాన్ని తీసేయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ జాబితాలో దేశాలతోపాటు సముదాయాలూ కలిసి ఉంటాయి: ప్రపంచం, యూరో ప్రాంతం, అధికాదాయ దేశాలు, అరబ్ ప్రపంచం లాంటివి. వీటిని ఏరకుండా జనాభా చార్టు గీస్తే మొదటి స్థానంలో 'ప్రపంచం' కూర్చుంటుంది. పేరు చూసి ఒక్కొక్కటీ తీసేయనక్కర్లేదు. అదే జిప్‌లో దేశాల వివరాల ఫైలు ఉంటుంది. అందులో ప్రాంతం కాలమ్ ఖాళీగా ఉన్నవన్నీ సముదాయాలే. దేశం కోడ్ మీద ఆ ఫైలును జోడించి, ప్రాంతం ఖాళీగా ఉన్న రోలు వడగట్టేయండి. ఆ ప్రాంతం కాలమే తర్వాత బుడగల రంగుకు పనికొస్తుంది.

ఎక్సెల్ ఉంటే మార్పిడికి, అందులోనే ఉండే పవర్ క్వెరీ అనే పనిముట్టును మించింది లేదు. డేటా ట్యాబ్ నుంచి సీఎస్‌వీని తెరిచి, నేరుగా లోడ్ చేయకుండా 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా' నొక్కండి. పై 4 రోలు తీసేసి, తర్వాతి రోను శీర్షికగా చేయండి. సూచిక పేరు, సూచిక కోడ్ కాలమ్‌లు అక్కర్లేదు, తీసేయండి. దేశం పేరు, దేశం కోడ్ కాలమ్‌లు రెండూ కంట్రోల్ పట్టి ఎంచుకుని, శీర్షిక మీద కుడి క్లిక్ చేసి 'అన్‌పివోట్ అదర్ కాలమ్స్' నొక్కండి. ఏళ్లన్నీ 'యాట్రిబ్యూట్' అనే ఒకే కాలమ్‌లోకి, అంకెలు 'వాల్యూ' లోకి దిగుతాయి. పేర్లు మార్చి, ఏడాదిని పూర్ణాంకంగా, విలువను దశాంశంగా సెట్ చేయండి. 'అదర్' అన్న మాట ముఖ్యం. ఏళ్ల కాలమ్‌లను ఎంచుకుని అన్‌పివోట్ చేయడం కన్నా ఇలా చేస్తే వచ్చే ఏడాది కొత్త కాలమ్ చేరినప్పుడు అది కూడా దానంతటదే పొడవు పట్టికలోకి దిగుతుంది.

మూడు సూచికలకూ ఇదే పని మూడుసార్లు. ఆ తర్వాత మూడు పట్టికలనూ ఒకటిగా కలపడానికి 'మెర్జ్ క్వెరీస్'. ఇక్కడ చాలామంది ఒక చోట తప్పుతారు: కోడ్ ఒక్కటే ఎంచుకుని కలుపుతారు. అప్పుడు ఒక దేశం ప్రతి ఏడాదీ రెండో పట్టికలోని ప్రతి ఏడాదితోనూ జతకట్టి, 34 రోలు 1,156 అవుతాయి. కోడ్, ఏడాది రెండూ కంట్రోల్ పట్టి ఎంచుకోవాలి, పై పట్టికలోనూ కింది పట్టికలోనూ ఒకే వరుసలో. శీర్షికల పక్కన చిన్నగా 1, 2 అంకెలు కనిపిస్తాయి. పైన కోడ్‌కు 1 ఉంటే కింద కూడా కోడ్‌కే 1 ఉండాలి. మూడింట్లోనూ ఉన్న రోలే మిగలాలి కాబట్టి 'ఇన్నర్' జత ఎంచుకోండి. కొనుగోలు శక్తితో సరిచేసిన, స్థిర ధరల తలసరి ఆదాయం ప్రపంచ బ్యాంకు దగ్గర 1990 నుంచే ఉంది. జనాభా, ఆయుర్దాయం 1960 నుంచి ఉన్నాయి. అందువల్ల కలిపాక పట్టిక 1990లోనే మొదలైతే కంగారుపడకండి, అది మీ తప్పు కాదు.

గూగుల్ షీట్స్‌లో పవర్ క్వెరీ లేదు, కానీ ఒక్క ఫార్ములాతో అదే పని అవుతుంది. దేశాల కాలమ్, ఏళ్ల రో, అంకెల గడులు మూడింటినీ మధ్యలో ఒక గుర్తు పెట్టి అతికించి, ఆ మొత్తాన్ని ఫ్లాటెన్‌తో ఒకే కాలమ్ చేసి, స్ప్లిట్‌తో మళ్లీ మూడుగా చీల్చి, బయట ఎరేఫార్ములాతో చుట్టాలి. మధ్యలో పెట్టే గుర్తు కామా కాకూడదు. ప్రపంచ బ్యాంకు జాబితాలో దక్షిణ కొరియా, ఈజిప్టు లాంటి పేర్లలోనే కామా ఉంటుంది, అక్కడ చీలిపోయి విలువలు ఒక కాలమ్ పక్కకు జరుగుతాయి. నిలువు గీత | వాడండి. పరిధి కూడా కచ్చితంగా ఇవ్వండి. కాలమ్ మొత్తం ఇచ్చేస్తే ఖాళీ రోలు కూడా ఏళ్లతో గుణించుకుని వేల పనికిరాని రోలు పుడతాయి.

జతపరచడం ఎప్పుడూ మూడక్షరాల ఐఎస్‌ఓ కోడ్‌తోనే (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒక్కో దేశానికి ఇచ్చిన గుర్తు). పేర్లతో వద్దు. టర్కీ 'తుర్కియే' అయింది, స్వాజీలాండ్ 2018లో 'ఎస్వతీని' అయింది, మాసిడోనియా 2019లో 'ఉత్తర మాసిడోనియా' అయింది. ఒక మూలంలో పాత పేరు, ఇంకో దాంట్లో కొత్త పేరు ఉంటాయి. కాంగో పేరుతో రెండు దేశాలు, కొరియా పేరుతో రెండు దేశాలు ఉన్నాయి. వెబ్ పేజీ నుంచి అతికించిన పేర్ల వెనక కంటికి కనిపించని ఖాళీ ఉంటుంది. అది మామూలు స్పేస్ కాదు, 160వ నంబరు అక్షరం, ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. సబ్‌స్టిట్యూట్‌తో దాన్ని మామూలు స్పేస్‌గా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ చేయాలి. రెండక్షరాల కోడ్‌తో ఇంకో తమాషా: నమీబియా కోడ్ 'ఎన్‌ఏ'. పైథాన్ భాషలో పట్టికలు చదివే పాండాస్ లైబ్రరీ దాన్ని 'విలువ లేదు' అని చదువుకుంటుంది, ఒక దేశం మొత్తం గల్లంతు. మూడక్షరాల కోడ్‌లో ఈ బెడద లేదు.

బుడగలు ఎందుకు ఆరిపోతున్నాయో ఇప్పుడు తెలిసి ఉంటుంది. మూడు సూచికల్లో ఒక్కటి లేకపోయినా ఆ ఏడాది రో ఉండదు, రో లేకపోతే బుడగ లేదు. ఒక దేశానికి 2001 నుంచి 2003 వరకు ఆదాయం లేదనుకుందాం: ఆ మూడేళ్లు బుడగ మాయమై, 2004లో వేరే చోట ప్రత్యక్షమవుతుంది. మీరు చూసిన గంతు అదే.

మధ్యలో ఖాళీలు నింపవచ్చు, కానీ కొన్ని హద్దులున్నాయి. రెండు వైపులా నిజమైన అంకెలుండి, మధ్యలో నాలుగైదేళ్లకు మించని ఖాళీ అయితే నింపండి. మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలు నింపకండి, అది ఊహాగానం. ఆయుర్దాయానికి సమాన మెట్లు సరిపోతాయి. ఆదాయం, జనాభా శాతంలో పెరిగేవి కాబట్టి నిష్పత్తితో నింపాలి. 2000లో 1,000, 2004లో 1,600 ఉంటే సమాన మెట్లలో మధ్య ఏళ్లు 1,150, 1,300, 1,450 అవుతాయి. నిష్పత్తిలో అయితే మొత్తం పెరుగుదల 1.6 రెట్లు, దానికి నాలుగో మూలం (నాలుగుసార్లు వరసగా గుణిస్తే 1.6 ఇచ్చే సంఖ్య) సుమారు 1.1247, దాంతో గుణించుకుంటూ పోతే 1,125, 1,265, 1,423. లాగ్ స్కేల్ (సమాన రెట్లకు సమాన దూరం చూపే స్కేలు) మీద ఈ రెండోదే సమాన వేగంతో కదులుతుంది. నింపిన రోలకు పక్క కాలమ్‌లో 'అంచనా' అని గుర్తు పెట్టి, చార్టులో ఆ బుడగ లేతగా కనిపించేలా చేస్తే చూసేవారిని మోసం చేసినట్టు కాదు.

యుద్ధాలు, కరువులు నడిచిన ఏళ్లలో నింపే పని పెట్టుకోకండి. రువాండా మారణహోమం 1994 ఏప్రిల్ నుంచి జులై దాకా జరిగింది. అభ్యాసానికి అందరూ వాడే ఒక నమూనా పట్టిక ఉంది, పైథాన్‌లో చార్టులు గీసే ప్లాట్లీతోపాటే వస్తుంది: 142 దేశాలు, 1952 నుంచి 2007 వరకు ఐదేళ్లకోసారి, మొత్తం 1,704 రోలు. అందులో రువాండా ఆయుర్దాయం 1987లో 44, 1992లో 23.6, 1997లో 36.1. అంటే పతనం 1992 ఫ్రేములో కనిపిస్తుంది, అసలు ఘటనకు రెండేళ్ల ముందు. ఐదేళ్ల మెట్లను మెత్తగా కలిపి ఏడాది ఏడాదీ కదిలిస్తే బుడగ 1988 నుంచే వేగంగా కిందికి జారుతుంది. అలాంటి డేటా ఉంటే ఐదేళ్లకో ఫ్రేము చూపించండి, మధ్య ఏళ్ల అంకె తెరమీద తిరగనివ్వకండి.

అక్షాలను మొదటే బిగించేయాలి. ఆటోమేటిక్‌గా వదిలేస్తే ప్రతి ఫ్రేములోనూ స్కేలు మారి, దేశం కదిలిందో గీత కదిలిందో తెలియదు. కొన్ని పనిముట్లు మొదటి ఫ్రేము చూసి స్కేలు పెట్టుకుంటాయి, ఆ తర్వాత పెరిగిన దేశాలు చార్టు దాటి బయటికి పోతాయి. అన్ని ఏళ్లూ కలిపి కనిష్ఠం, గరిష్ఠం తీసి, రెండు వైపులా కొంచెం చోటు వదిలి స్థిరం చేయండి. ఆదాయానికి లాగ్ స్కేల్ తప్పనిసరి. 1,000 నుంచి 2,000కు పెరిగినా, 20,000 నుంచి 40,000కు పెరిగినా అక్కడ ఒకే దూరం. మామూలు స్కేల్‌లో పేద దేశాలన్నీ ఎడమ గోడకు అతుక్కుని గుంపుగా మిగులుతాయి. గీతల మీద 1,000, 2,000, 4,000, 8,000 అని రెట్టింపులు రాయండి, లాగ్ అన్న మాట తెలియనివారికీ అర్థమవుతుంది. సున్నా ఉంటే లాగ్ పనిచేయదు. ఖాళీని సున్నాగా నింపిన షీటు అక్కడే దొరికిపోతుంది.

బుడగ పరిమాణం జనాభాను వైశాల్యంగా చూపాలి, వ్యాసార్థంగా కాదు. వ్యాసార్థానికి ముడిపెడితే 4 రెట్ల జనాభా కంటికి 16 రెట్లుగా కనిపిస్తుంది. ఎక్సెల్‌లో 'సైజ్ రిప్రజెంట్స్' దగ్గర ఏరియా ఎంచుకుని ఉందో లేదో చూసుకోండి. పెద్ద దేశాలు ముందు, చిన్నవి తర్వాత గీసేలా జనాభా ప్రకారం అవరోహణ క్రమంలో పేర్చండి. లేకపోతే చైనా బుడగ కింద పది దేశాలు దాక్కుంటాయి.

ఏ అంకె తీసుకున్నారన్నది కూడా చూడాలి. ప్రస్తుత డాలర్లలో జీడీపీ పెడితే మీరు చూపించేది సగం మారకపు రేటు. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించారు. ప్రపంచ బ్యాంకు లెక్కలో భారత్ జీడీపీ 1990లో సుమారు 32,100 కోట్ల డాలర్లు, 1991లో సుమారు 27,000 కోట్ల డాలర్లు. అదే ఏడాది అసలు ఉత్పత్తి 1 శాతం పెరిగింది. బార్ చార్ట్ రేస్‌లో (ర్యాంకు మారేకొద్దీ బార్లు ఒకదాన్నొకటి దాటే చార్టు) చూస్తే దేశం కుప్పకూలినట్టు ఉంటుంది. కాలంతోపాటు పోల్చాలంటే కొనుగోలు శక్తితో సరిచేసిన స్థిర ధరల సూచికే తీసుకోండి, అవి ఏ ఏడాది ధరల లెక్కో అడుగున రాయండి.

చిన్న చిక్కులు మరికొన్ని. ప్రపంచ బ్యాంకు డేటాబ్యాంక్ నుంచి దించితే లేని విలువల చోట రెండు చుక్కలు ఉంటాయి. అవి ఉన్నంతవరకు కాలమ్ మొత్తం టెక్స్ట్ అయిపోతుంది, తీసేసి ఖాళీ చేయండి. అక్కడి ఏడాది శీర్షికల్లో అంకె పక్కన చదరపు బ్రాకెట్లలో మళ్లీ అదే ఏడాది ఉంటుంది, మొదటి నాలుగు అక్షరాలు ఉంచుకుంటే చాలు. ఏడాది కాలమ్‌ను ఎక్సెల్ తేదీ ఫార్మాట్‌లోకి మార్చకండి, 1990 కాస్తా 1905 జూన్ 12 అవుతుంది. వేర్వేరు మూలాలు కలుపుతుంటే సోవియట్ యూనియన్ ఒకదాంట్లో, రష్యా, ఉక్రెయిన్ ఇంకోదాంట్లో ఉండి రెండుసార్లు లెక్కపడవచ్చు. తైవాన్ ప్రపంచ బ్యాంకు జాబితాలో విడి దేశంగా దొరకదు.

ఇక పనిముట్టు. కోడ్ రాయనివారికి ఫ్లరిష్ అనే చార్టుల వెబ్‌సైటు తేలిక. బబుల్ చార్టుకు స్కాటర్ టెంప్లేట్ తీసుకుని పొడవు పట్టిక అతికించి, ఎక్స్‌కు ఆదాయం, వైకి ఆయుర్దాయం, సైజుకు జనాభా, రంగుకు ప్రాంతం, పేరుకు దేశం, స్లైడర్‌కు ఏడాది కేటాయించండి. బార్ చార్ట్ రేస్ టెంప్లేట్ మాత్రం దీనికి రివర్సు, దానికి మీ పాత వెడల్పు పట్టికే కావాలి. చాలామంది ఒకే పట్టికను రెండింటికీ అతికించి ఖాళీ చార్టు చూసి విసుగుపడతారు. ఉచిత ఖాతాలో ప్రచురించింది అందరికీ కనబడుతుంది కాబట్టి గోప్యంగా ఉండాల్సిన అంకెలు అక్కడ పెట్టకండి. మైక్రోసాఫ్ట్ వారి చార్టుల పనిముట్టు పవర్ బీఐ వాడేవారికి స్కాటర్ చార్టులోనే 'ప్లే యాక్సిస్' ఉంది, ఏడాదిని అందులో వేస్తే చాలు.

ఎక్సెల్ దాటకూడదంటే కూడా దారి ఉంది. డెవలపర్ ట్యాబ్ నుంచి ఫారమ్ కంట్రోల్స్‌లోని స్క్రోల్ బార్ పెట్టి, కనిష్ఠం 1990, గరిష్ఠం 2023 ఇచ్చి, ఒక సెల్‌కు ముడివేయండి. పక్కన ఒక చిన్న పట్టికలో దేశం కోడ్, ముడివేసిన సెల్‌లోని ఏడాది కలిపి మూడు విలువలు లాగే లుకప్ రాయండి. చార్టు ఈ చిన్న పట్టిక మీద గీయండి. విలువ దొరకనప్పుడు సున్నా కాకుండా 'ఎన్‌ఏ' (#N/A) దోషం వచ్చేలా చేయండి, లేకపోతే బుడగ అడుగుకు పడిపోతుంది. ప్రాంతానికో రంగు కావాలంటే ప్రాంతానికో సిరీస్ పెట్టాలి. అయితే ఇది చేత్తో జరిపే చార్టే. దానంతటది నడవాలంటే చిన్న మాక్రో (ఎక్సెల్ లోపల నడిచే ప్రోగ్రాము) రాయాలి, అప్పుడు కూడా మధ్య కదలిక ఉండదు, ఏడాది నుంచి ఏడాదికి టక్కున మారుతుంది.

పైథాన్ తెలిస్తే ప్లాట్లీ ఎక్స్‌ప్రెస్‌లో పది వరుసల పని. యానిమేషన్ ఫ్రేమ్‌కు ఏడాది, యానిమేషన్ గ్రూప్‌కు దేశం ఇవ్వండి. రెండోది మరిచిపోతే ఒక ఫ్రేములోని మూడో బుడగ తర్వాతి ఫ్రేములోని మూడో బుడగగా మారిపోతుంది, అది వేరే దేశమైనా సరే. ఫ్రేములు డేటాలో కనబడిన వరుసలోనే వస్తాయి కాబట్టి ముందు ఏడాది ప్రకారం సార్ట్ చేయండి. సైజు కాలమ్‌లో ఖాళీ ఉంటే దోషం ఇస్తుంది. ఏదైనా ప్రాంతానికి మొదటి ఏడాదిలో ఒక్క దేశమూ లేకపోతే ఆ రంగు తర్వాత కూడా సరిగా రాదు, ప్రతి ప్రాంతం నుంచి ఒక్క దేశమైనా మొదటి ఫ్రేములో ఉండేలా మొదలు ఏడాది ఎంచుకోండి.

వేగం ఏడాదికి 0.7 సెకన్లు బాగుంటుంది, 34 ఏళ్లు 24 సెకన్లలో అయిపోతాయి. చివరి ఫ్రేము 3 సెకన్లు నిలపండి. 217 బుడగల్లో మనిషి కన్ను నాలుగైదింటినే వెంబడించగలదు. కథ ఏ దేశాలదో వాటికే పేరు, వెనక జాడ గీత పెట్టి, మిగిలినవి లేత రంగులో వదలండి. ఏడాది అంకెను మూలన కాకుండా చార్టు వెనక పెద్దగా, లేత బూడిద రంగులో పెట్టండి, చూపు తిప్పనక్కర్లేదు. ఐదారు దేశాలు, ఒకే సూచిక అయితే నిజానికి యానిమేషన్ అక్కర్లేదు. గీతల చార్టులో మొత్తం కాలం ఒకే చూపులో కనబడుతుంది. బార్ చార్ట్ రేస్ ర్యాంకుల మార్పుకు సరదాగా ఉంటుంది, 10 లేక 12 బార్లకు మించనివ్వకండి. ఒక బార్ ఇంకోదాన్ని దాటిన క్షణం మధ్య కదలిక వేసిన లెక్క, డేటాలో ఉన్నది కాదు, నెల చెప్పి మాట్లాడకండి.

ప్రజెంటేషన్‌కు లైవ్ లింకు నమ్ముకోకండి, నెట్ ఆగితే చార్టు ఆగుతుంది. వీడియో చేసి పెట్టుకోండి: 1920×1080, సెకనుకు 30 ఫ్రేములు, హెచ్.264 ఎంపీ4. బ్రౌజర్ చార్టునైతే తెరను రికార్డు చేసే ఓబీఎస్‌తో రికార్డు చేయండి, మౌస్ బాణాన్ని దాచే సెట్టింగు అందులో ఉంది. కోడ్ నుంచి నేరుగా ఎంపీ4 తీస్తే వీడియో మార్పిడి ప్రోగ్రాము ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ కావాలి. పిక్సెల్ ఫార్మాట్ (రంగుల వివరాలు దాచే తీరు) 4:2:0 పెట్టకపోతే కొన్ని ప్లేయర్లలో నల్లతెర వస్తుంది. ఆ ఫార్మాట్‌కు వెడల్పు, ఎత్తు రెండూ సరి సంఖ్యలే ఉండాలి, 1081 లాంటిది ఇస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది. జిఫ్‌లో 256 రంగులే, పైగా ఫైలు ఎంపీ4 కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్లైడులో వీడియో పక్కనే చివరి ఏడాది ఫ్రేమును బొమ్మగా కూడా పెట్టండి. ఎవరైనా ఒక దేశం గురించి అడిగితే వీడియో వెనక్కి తిప్పుతూ వెతుక్కునే పని ఉండదు.